పచ్చ అంటే ఏ పచ్చ?

ఈ ఏటి సావనీరుకి ఏదైనా రాసివ్వమని మన విద్యార్థి సంఘం వాళ్లు అడిగినప్పుడు, పాత విద్యార్థులందరూ రాసే సంగతులే నాకూ ముందు గుర్తుకొచ్చాయి. క్యాంటీనులో అప్పుపెట్టి తాగిన చాయలు, ఎన్నికలప్పుడు గోడల మీద రాసిన రాతలు, హాస్టలు సాంబారు. ఇవన్నీ ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. అందుకని నేనొక ఆవ మొక్క గురించి రాస్తాను. ఆ మొక్క 1984 జనవరిలో నాంపల్లి స్టేషనులో, తడి గోనెపట్టాలో చుట్టుకుని, మా నాయిన చంకలో బండి దిగింది. వృక్షశాస్త్రంలో నాకు వచ్చినదాంట్లో సగం దాని దగ్గర నేర్చుకున్నదే. తక్కిన సగం పరీక్షలు కాగానే మరిచిపోయాను.

మాది జహీరాబాదు దగ్గర పల్లె. అప్పుడు మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. అన్నీ ఎర్ర చెలకలు. మా ఊళ్లో ఆవాలు ఎవ్వరూ పెద్ద పంటగా వెయ్యరు. యాసంగిలో శనగ చేలో అక్కడొక సాలు ఇక్కడొక సాలు, ఇంట్లో పోపుకీ తొక్కులకీ సరిపోయేటట్టు వేసుకుంటారు. ఆ ఏడు మాత్రం మా నాయిన బావి కింది ఎకరంలో మొత్తం ఆవాలే వేశాడు. కారణం నేనే. డిగ్రీ రెండో సంవత్సరం రెండో టర్ము మెస్ బిల్లు ఆ ఎకరం మీద ఆధారపడి ఉంది.

నవంబరు నెలాఖరులో ఇంటి నుంచి కార్డు వచ్చింది. మా నాయినకు చదువు రాదు. ఊళ్లో బడిపంతులు గారిచేత రాయించేవాడు. కార్డు మీద చోటు తక్కువ, పంతులు గారికి ఓపిక తక్కువ. "అందరము క్షేమము. బర్రె ఈనినది. ఆవాల చేను అంతా పచ్చగా ఉన్నది. నీవు చదువుకున్నవాడవు గనుక తెలుపుచున్నాము." ఇంతే. నేను అది చదివి మురిసిపోయాను. ఆ సాయంత్రమే జవాబు రాసి ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు డబ్బాలో వేశాను. "చేను పచ్చగా ఉన్నందుకు చాలా సంతోషం. బర్రెను బాగా చూసుకోగలరు."

మన భాషలో పచ్చ రెండు రంగులకూ పనికొస్తుంది. పచ్చని చెట్టూ పచ్చే, పచ్చకామెర్లూ పచ్చే. మా ఊళ్లో ఆకు పచ్చగైందంటే పసుపు రంగుకు తిరిగిందనే అర్థం. నాకు తెలియని మాట కాదు. కానీ ఏడాదిన్నర పట్నంలో ఉండేసరికి, పచ్చని పొలాలు, పచ్చని పైరు అనే పుస్తకాల తెలుగు నెత్తికెక్కింది. మా ఇంటి నుంచి వచ్చిన కార్డును మా ఇంటి భాషలో చదువుకోవటం మానేశాను.

నా జవాబు అందాక, కొడుకు సంతోషమని రాశాడంటే పచ్చగైనా భయం లేదన్నమాట అని మా నాయిన కొన్ని రోజులు ఊరుకున్నాడు. తరవాత ఎరువుల దుకాణంలో అడిగాడు. యూరియా చల్లమన్నారు. చల్లాడు. రంగు మారలేదు. పదిహేను రోజులకు మళ్లీ చల్లాడు. ఈసారి ఇంకా పచ్చగైంది. అంటే, మా ఊరి పచ్చ.

ఇక్కడ ఆబిడ్స్ సంగతి కొంచెం చెప్పాలి. ఆల్బర్ట్ ఆబిడ్ అనే వ్యాపారి దుకాణం వల్ల ఆ పేటకు ఆ పేరు వచ్చింది. మామూలు రోజుల్లో బట్టల కొట్లు, చెప్పుల కొట్లు, మాబోటివాళ్లు అద్దాల్లోంచి చూసి వెళ్లిపోవలసినవే. ఆదివారం మాత్రం ఆ కొట్లకు తాళాలు పడతాయి. వాటి ముందు పేవుమెంటు మీద పాత పుస్తకాలు పరుస్తారు. ఆ ఒక్కరోజు ఆబిడ్స్ మాది. డిసెంబరులో ఒక ఆదివారం ఆ కుప్పల్లో నాకో పాత ఇంగ్లీషు పుస్తకం దొరికింది. ఇంగ్లండులో లాంగ్ ఆష్టన్ పరిశోధన కేంద్రంలో పనిచేసిన థామస్ వాలేస్ 1943లో వేసిన పుస్తకం. ఏ పోషకం తక్కువైతే ఆకు ఎట్లా కనపడుతుందో రంగుల ఫొటోలతో చూపిస్తుంది. అందులో క్యాబేజీ, కాలీఫ్లవరు బొమ్మలు చాలా ఉన్నాయి. ఆవ మొక్కదీ ఆ కుటుంబమే. బేరమాడి ఎనిమిది రూపాయలకు కొన్నాను. చేనుకు పనికొస్తుందని కొనలేదు. బొమ్మలు బాగున్నాయి, హాస్టల్లో చూపించుకోవచ్చని కొన్నాను.

మొక్కకు ముఖ్యంగా కావలసిన మూలకాలను గుర్తుపెట్టుకోవటానికి మా బ్యాచ్‌కు "సి. హాప్కిన్స్ కేఫ్" అనే సూత్రం ఒకటి ఉండేది. ఇంగ్లీషు గుర్తులన్నీ వరసగా పేరిస్తే వచ్చే పేరు అది. కామర్సు చదివే మా రూమ్మేటు అది ఆబిడ్స్‌లో ఏదో ఇరానీ హోటలు అనుకుని, ఒకసారి తీసుకుపొమ్మని అడిగాడు. నా పరిజ్ఞానం అతనికంటే పెద్ద ఎక్కువేం కాదు. పేరు నాకు వచ్చు, కేఫులోకి ఎన్నడూ వెళ్లలేదు.

జనవరి మొదటి వారంలో మా నాయిన నుమాయిష్ చూస్తానని వచ్చాడు. 1938లో పబ్లిక్ గార్డెన్సులో మొదలై 1946లో నాంపల్లి మైదానానికి మారిన ఈ నుమాయిష్ మా పల్లెల్లో కొత్త సంవత్సరపు జాతరలాంటిది. నేను స్టేషనుకు ఎదురు వెళ్లాను. ఆయన బండి దిగాడు, నన్ను చూశాడు, పలకరించలేదు. బెంచీ మీద గోనెపట్టా విప్పి మొక్కను పరిచాడు.

"ఏం బిడ్డా, సంతోషమని రాస్తివి. గిది సూసి సంతోషపడు."

నా నోట మాట రాలేదు. మొక్క చిక్కి ఉంది. పూత ఉంది గానీ ఆవపూతకు ఉండవలసిన నిండు పసుపు లేదు, వెలిసిపోయినట్టు తెల్లబారి ఉంది. కొసన ఉన్న లేత ఆకులు పసుపురంగుకు తిరిగి దోసిలిలాగా లోపలికి ముడుచుకున్నాయి. అడుగువైపు ఎరుపు కలిసిన ఊదా జీర. కింది ముదురు ఆకులు మాత్రం ఇంకా ఆకుపచ్చగానే ఉన్నాయి. ఆ కింది ఆకులు చూడగానే నాకేదో తట్టింది. వాలేస్ పుస్తకంలో నత్రజని తక్కువైన బొమ్మల్లో ముందు పసుపెక్కినవి కింది ఆకులు. ఇది తలకిందులుగా ఉంది.

ఆ రోజు నుమాయిష్ చూడలేదు. హాస్టలుకు పోయి పుస్తకం తీసుకుని, మొక్కతో సహా మా సారు దగ్గరికి వెళ్లాం. సారు పుస్తకం ముట్టుకోలేదు. మా నాయినను కుర్చీలో కూర్చోబెట్టి రెండే ప్రశ్నలు అడిగారు.

"రంగు ముందు ఏ ఆకుకు మారిందండీ, పైదానికా, కిందిదానికా?"

"పైదానికే సారూ. కొస నుంచి దిగింది."

"ఇదివరకు ఏ ఎరువు వేసేవారు? ఈసారి ఏం వేశారు?"

"ఎప్పుడు సూపరే సారూ. ఈసారి డి.ఏ.పి. ఏసిన. బలం ఎక్కువన్నరు, బస్తాలు తక్కువైతయన్నరు."

సారు నావైపు తిరిగారు. "గంధకం. బొమ్మ చూడకుండానే మీ నాయిన చెప్పేశాడు. నువ్వు అడగలేదు, అంతే."

తరవాత సారు చెప్పినదీ, ఇన్నేళ్లలో నేను చదివి చూసి తెలుసుకున్నదీ కలిపి చెబుతాను. ఇంట్లో తిండి తక్కువైతే పెద్దవాళ్లు పస్తుండి పిల్లలకు పెడతారు. నత్రజని, భాస్వరం, పొటాషు, మెగ్నీషియం తక్కువైనప్పుడు మొక్క కూడా ఆ పనే చేస్తుంది. ముదురు ఆకుల్లోంచి తీసి లేత ఆకులకు పంపుతుంది. అందుకే లోపం కింది ఆకుల్లో కనపడుతుంది. నత్రజని లోపమైతే కింది ఆకు మొత్తం పాలిపోతుంది. పొటాషు లోపమైతే ఆకు అంచులు మాడుతాయి. మెగ్నీషియమైతే ఈనెలు ఆకుపచ్చగా ఉండి మధ్య భాగం పసుపెక్కుతుంది. భాస్వరమైతే మొక్క గిడసబారి, ఆకు మామూలుకంటే ముదురు రంగై ఊదా జీర తేలుతుంది.

గంధకం, ఇనుము, బోరాన్, సున్నం అట్లా కాదు. ఒకసారి ముదురాకులో చేరాక అక్కణ్ణుంచి సులువుగా కదలవు. పెద్దాకు దగ్గర ఉన్నా పిల్లాకుకు అందించలేదు. అందుకని కరువు కొసలో కనపడుతుంది. లేతాకు ఈనెలతో సహా పాలిపోతే గంధకం లోపం. ఈనెలు ఆకుపచ్చగా మిగిలి మధ్య భాగం పసుపు, తెలుపు అయితే ఇనుము లోపం, అది సున్నం ఎక్కువున్న నేలల్లో వస్తుంది. లేతాకు దళసరై పెళుసుబారి, కాండం లోపల బోలై, పూత వచ్చి కాయ నిలవకపోతే బోరాన్‌ను అనుమానించాలి. జింకు తక్కువైతే ఆకులు చిన్నవై ఈనెల మధ్య పాలిపోతాయి. కాబట్టి ఆకు పచ్చబడిందని ఎవరైనా అంటే మొదటి ప్రశ్న ఏ పచ్చ అని, రెండో ప్రశ్న ఏ ఆకు అని.

ఆవాలకు గంధకం అంత అవసరం ఎందుకంటే, దాని ఘాటంతా గంధకమే. గింజలో గంధకంతో కూడిన పదార్థం ఒకటీ, దాన్ని విడగొట్టే ఎంజైము ఒకటీ వేరువేరు గదుల్లో ఉంటాయి. నూరి తడి తగిలించగానే రెండూ కలిసి ముక్కుకెక్కే ఘాటు పుడుతుంది. ఒక టన్ను గింజ పండటానికి ధాన్యపు పంటలకు 3, 4 కిలోల గంధకం చాలు. పప్పుధాన్యాలకు 8 కిలోలు, నూనెగింజలకు 12 కిలోల దాకా కావాలి. నూనెగింజల్లోనూ ఆవాల కుటుంబానిది ఇంకా పెద్ద ఆకలి.

పాత సూపర్ ఫాస్ఫేటు బస్తాలో 16 శాతం భాస్వరంతోపాటు 11 శాతం గంధకం ఉంటుంది. ఎవరూ అడగకుండానే ఏళ్ల తరబడి అది మా చేనుకు గంధకం పెట్టింది. డి.ఏ.పి.లో 18 శాతం నత్రజని, 46 శాతం భాస్వరం. లెక్కకు బలమైనదే, కానీ లెక్కించదగ్గ గంధకం లేదు. ఇసుకపాలు ఎక్కువై సేంద్రియ పదార్థం తక్కువైన ఎర్ర చెలకలో సొంత నిల్వ ఎక్కువ ఉండదు. ఒక్క ఏడు మానగానే బయటపడింది. దాని మీద యూరియా చల్లితే, ఇటుకలు తెచ్చి పోసి సున్నం ఇవ్వనట్టయింది. నత్రజని ఎంత ఉన్నా గంధకం లేనిదే మాంసకృత్తులు తయారుకావు. మొక్క ఇంకా కొత్త ఆకులు తొడుగుతుంది, ఉన్న కాస్త గంధకం మరీ పలచబడుతుంది. అన్నిటికంటే తక్కువైన పోషకమే పంటను నిర్ణయిస్తుందని స్ప్రెంగెల్ 1828లోనూ, తరవాత లీబిగ్ 1840 నుంచీ చెబుతూ వచ్చారు. ఆ సూత్రం నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. అదే సంవత్సరం మా చేలో అది జరుగుతుంటే సంతోషమని కార్డు రాశాను.

అంతా విన్నాక, ఎకరం మొత్తానికి గంధకం మందు కొనుక్కుపోదామని నేను ఉబలాటపడ్డాను. సారు ఆపారు. "రంగు చూసి అనుమానించాలి గానీ తీర్పు చెప్పకూడదు. నీళ్లు నిలిచినా, వేరు కుళ్లినా, పేనుబంక పట్టినా ఆకు పాలిపోతుంది. నాలుగు సాళ్లకు అమ్మోనియం సల్ఫేటు వేసి తడిపెట్టండి. పక్క నాలుగు సాళ్లు విడిచిపెట్టండి. చేనే చెబుతుంది." అమ్మోనియం సల్ఫేటులో 21 శాతం నత్రజని, 24 శాతం గంధకం. నీళ్లలో కరిగి వెంటనే వేరుకు అందుతుంది. విడి గంధకం పొడి అయితే నేలలోని సూక్ష్మజీవులు దాన్ని సల్ఫేటుగా మార్చాలి, దానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. నిలిచి ఉన్న పైరుకు అది సమయానికి అందదు.

మా నాయిన ఆ రాత్రి బండికే వెళ్లిపోయాడు. రెండు వారాలకు కార్డు వచ్చింది. ఈసారి పంతులు గారు నొక్కి రాశారు. "నాలుగు సాళ్లు ఆకుపచ్చ. తక్కినది పసుపుపచ్చ."

జబ్బు తేలింది గానీ సమయం మించిపోయింది. పూత దాటిన పైరుకు ఏది పెట్టినా గింజకు అందేది కొంచెమే. నాలుగు క్వింటాళ్లు అనుకున్న ఎకరంలో ఒకటిన్నర వచ్చింది. ఫిబ్రవరిలో నాకు మనియార్డరు మాత్రం సమయానికే వచ్చింది. ఎట్లా వచ్చిందో సెలవుల్లో ఇంటికి పోతే తెలిసింది. కొట్టంలో బర్రె లేదు. ఎవ్వరూ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ ఎండాకాలం తొక్కు పెడుతూ అమ్మ మాత్రం, ఈ ఏడు ఆవపిండి ముక్కుకు ఎక్కలేదురా అంది. గంధకం లోపానికి అంతకంటే మంచి నిర్ధారణ నేను ఏ ప్రయోగశాలలోనూ చూడలేదు.

మరుసటి ఏడు విత్తేముందు ఎకరానికి రెండు బస్తాల సూపరూ, ఆఖరి దుక్కిలో 100 కిలోల జిప్సమూ వేశాం. జిప్సం వేరుశనగకే అని మా ఊళ్లో అనుకునేవాళ్లు. డి.ఏ.పి. వాడటం తప్పేమీ కాదు. వాడితే గంధకాన్ని వేరే జిప్సం రూపంలో ఇవ్వాలి, అంతే. ఆ ఏడు నాలుగు క్వింటాళ్లకు కొంచెం పైనే పండింది. పూత ఎంత పసుపుగా ఉందంటే, దూరం నుంచి చూసి మా నాయిన, "ఇగ ఇప్పుడు రాయి సంతోషమని" అన్నాడు.

తరవాతి కాలంలో తెలిసిందేమంటే మా ఎకరం ఒంటరిది కాదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు 2000 తరవాతి సంవత్సరాల్లో మహబూబ్‌నగర్, నల్గొండ, కర్నూలు జిల్లాల మెట్ట పొలాల మట్టి పరీక్షిస్తే, ఎక్కువ పొలాల్లో గంధకం, బోరాన్, జింకు మూడూ తక్కువున్నట్టు తేలింది. రైతులు వానే తక్కువ అనుకుంటున్న చోట ఆకలి కూడా తోడై ఉంది. ఐరోపాలో ఇంకో చిత్రం జరిగింది. 1980ల నుంచి ఫ్యాక్టరీ పొగలో గంధకం తగ్గించి గాలిని శుభ్రం చేశారు. మంచి పనే. కానీ అప్పటిదాకా ఆ పొగే ఆవాల జాతి పంటలకు ఊరికే గంధకం పెడుతూ ఉండేదట. పొగ తగ్గగానే అక్కడి చేలల్లోనూ పూలు తెల్లబారాయి. మా సూపర్ బస్తా కథే అది.

వ్యవసాయం ఇంటి నుంచి వచ్చిన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒకటి రెండు పనికొచ్చే మాటలు చెప్పి ముగిస్తాను. విత్తకముందే మట్టి పరీక్ష చేయించండి. గట్ల దగ్గర, చెట్ల కింద, పెంటకుప్పలు వేసిన చోట మట్టి తియ్యకండి. చేలో ఎనిమిది పది చోట్ల వి ఆకారంలో జానెడు లోతు తవ్వి, మట్టి తీసి కలిపి, అరకిలో పంపండి. 2015లో మొదలైన భూసార ఆరోగ్య కార్డులో గంధకం, జింకు, బోరాన్ కూడా ఉన్నాయి. ఆ గడులు నింపి ఇచ్చారో లేదో చూసి అడగండి. జింకు తక్కువని తేలితే ఎకరానికి 10 కిలోల జింకు సల్ఫేటు దుక్కిలో చాలు, అది రెండు మూడు పంటలకు వస్తుంది. భాస్వరం ఎరువుతో కలిపి మాత్రం వెయ్యవద్దు. బోరాన్ తక్కువైతే ఎకరానికి 4 కిలోల బోరాక్సు. దీంట్లో చెయ్యి జారకూడదు, కొంచెం ఎక్కువైతే అదే విషమవుతుంది. ఏ మందు వేసినా రెండు సాళ్లు విడిచిపెట్టి వెయ్యండి. ఆ రెండు సాళ్ల నష్టం మీ ఫీజు అనుకోండి.

ఇంకొక మాట. ఇప్పుడు కార్డులు లేవు. ఇంటి నుంచి ఫోనే వస్తుంది, ఫొటో కూడా వస్తుంది. అయినా చేను ఎట్లా ఉందంటే పచ్చగుందని వాళ్లు అన్నప్పుడు, సరే మంచిదని పెట్టెయ్యకండి. ఏ పచ్చ అని అడగండి. ఏ ఆకు అని అడగండి. పోయినేడు ఏమేశారని అడగండి. ఆ మూడు ప్రశ్నలకూ జవాబు మన దగ్గర ఉండదు, వాళ్ల దగ్గరే ఉంటుంది. మనం చదివిన చదువు అడగటానికి.

వాలేస్ పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. గంధకం బొమ్మ ఉన్న పేజీలో ఎండిన ఆవ ఆకు ఒకటి పెట్టాను. ఇన్నేళ్లకు అది ఏ పచ్చా కాకుండా మట్టి రంగుకు తిరిగింది.